సీసల మందు, చెంబుల నీళ్ళు

అంబదాస్ మందు సీసను కాలితోని తన్నిండు. మంచి కాలితోనే, ఎందుకంటే రెండో కాలు జరుపుదామన్నా జరగదు. సీస దొర్లుకుంట దొర్లుకుంట పోయి సక్కుబాయి కండెలు చుట్టే రాట్నం కింద ఆగింది. బిరడా ఊడలే, గాజు పగలలే, గంతే అదృష్టం. సక్కుబాయి ఉరికి సీసను చేతిలకు తీసుకున్నది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? గా సీస కోసం కరీంనగర్ దాకా బస్సుల నిలబడి పోయి నిలబడి వచ్చిన నేను!"

"నిలబడ్డవో కూసున్నవో నాకు దెల్వదు. నేను తాగ."

"మరి నొప్పి?"

"నొప్పి నాది. నాకు లేని ఫికర్ నీకెందుకే?"

అని గోడదిక్కు తిరిగి పండుకున్నడు. తిరిగేటప్పుడు తుంటి కాడ ఏదో కలుక్కుమన్నది కావచ్చు, భుజమ్మీది తువ్వాల తీసి పండ్ల నడుమ పెట్టుకొని కొరికిండు. తువ్వాల కొరికే మొగడు, మందు తాగని మొగడు, రెండూ ఒక్కడే ఎట్లయితడో సక్కుబాయికి అర్థం కాలే.

గిది అరవై రెండో సాలు ముచ్చట. సిరిసిల్లల బట్ట నేసే కరెంటు సాంచాలు అప్పుడప్పుడే గల్లీ గల్లీల మోగుతున్నయి. అంబదాస్ ఒక సేటు దగ్గర సాంచె నడిపేటోడు, పొద్దంత నిలబడే పని. తుంటి గుంజుతుందంటే నిలబడి నిలబడి గుంజుతుందనుకున్నరు. ఆయిలు రాసిండ్రు, కాపడం పెట్టిండ్రు, ఎముకలు కట్టేటాయన దగ్గరికి పోయి కట్టు కట్టించిండ్రు. గుంజుడు పోలే సరిగదా, ఆడ కోడిగుడ్డంత గడ్డ దేలింది. అప్పుడు పోయిండ్రు కరీంనగర్‌ల మిషన్ దవాఖానకు. డాక్టరమ్మ పేరు అనసూర్య, పట్నంల సదివొచ్చినామె. ఎక్స్‌రే తీపిచ్చి, సక్కుబాయిని ఒక్కదాన్నే లోపటికి పిలిచి, కుర్సీల కూసోబెట్టి, చెయ్యి పట్టుకొని ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూడమ్మా, ఎముకల పుట్టింది అది. కోసి తీసేది కాదు. పెరుగుతది. ఎన్ని దినాలని నేను చెప్పలేను, అబద్ధం చెప్పుడు నాకు రాదు. గని నొప్పి ఉన్నది చూడు, దాన్ని మాత్రం నేను పట్టి ఆపుతా. నొప్పి లేకుంట ఉంటడు మీ ఆయన. గా జిమ్మ నాది."

సక్కుబాయి ఏడ్చింది, మస్తు ఏడ్చింది, ఏడ్చి మొఖం కడుక్కొని బయటికొచ్చి మొగనికి చెప్పింది, ఆయనా తల ఊపిండు. అన్నీ ఇడిసిపెట్టి గా ఒక్క మాటను పట్టుకున్నది ఆమె. ఉన్నన్ని దినాలు ఆయన నొప్పి లేకుంట ఉండాలె. దేవునికి మొక్కినా గదే మొక్కింది, ఎక్కువ అడగలే.

మందు ఏందంటే, నల్లమందుల్నుంచి తీసిన మందు. గోధుమరంగు సీస. సీస పక్కకు కంపౌండరు తెల్ల కాయితం ముక్కను మెట్లు మెట్లుగ కత్తిరించి అంటించిండు. ఒక మెట్టు ఒక మోతాదు. పొద్దుగాల ఒకటి, పగటీలి ఒకటి, మాపటీలి ఒకటి. గా సీసను చేతిల పెట్టినామె నర్సు లచ్చవ్వ. పొడుగు మనిషి, తెల్ల చీర, గొంతు మాత్రం అంగడిల కూరగాయలు అమ్మేటామె లెక్క.

"చెల్లె, జర ఇను. గీ మందు తోని ఆట కాదు. మెట్టుకు మెట్టే, రెండు మెట్లు ఒక్కపారి పోసినవంటే నేను సిరిసిల్లకొచ్చి నీ ఇంటిముంగట కూసుంట. ఇంకోటి. చెట్టు మందు, పసరు మందు, ఆకు మందు, ఏదన్న గానీ నాకు చెప్పకుంట ఆయన నోట్లె పడొద్దు. పోయినేడు ఒకాయనకు ఇంటోళ్ళు గిదే సీసతోని ఉమ్మెత్తాకు పసరు గూడ పోసిండ్రు, నొప్పి జల్ది తగ్గాల్నని. ఆయన మూడు దినాలు గాలిల పురుగులు ఏరుకుంట కూసున్నడు. కండ్లు గింతింత. బతికిండు గని, మా పానాలు పోయినయి. ఒట్టు వెయ్యి."

"నువ్వూ వెయ్యక్కా, నేనూ వేస్త."

"మా బైబుల్ల ఒట్టు వెయ్యొద్దని ఉన్నది. నేనెయ్య. నువ్వే వెయ్యి."

సక్కుబాయికి నవ్వొచ్చింది. నవ్వుకుంటనే మొగని నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఆయన మీద ఒట్టు, నీకు చెప్పకుంట చెట్టుమందు పెట్టను.

మొదటి వారం ఏం చెప్పాలె! మందు తాగిన తెల్లారి అంబదాస్ అరుగుమీద కూసోని తంబాకు నమిలిండు. పక్కింటి గంగయ్యతోని మాటలు కలిపిండు, మాటలు కలిపి కొట్లాట పెట్టుకున్నడు, కొట్లాటల గెలిసిండు. జొన్నరొట్టెలు రెండు తిని మూడోది అడిగిండు. సక్కుబాయి అవ్వ బాలవ్వ, జైనూర్‌ల ఉంటది, అల్లునికి బాగలేదని ఇని బండెక్కి, రైలెక్కి, పెద్దపెల్లిల దిగి బస్సెక్కి రెండు దినాలకు వచ్చి చేరింది. వచ్చి చూస్తే అల్లుడు నవ్వుతుండు. "గింత మంచిగున్నోని కోసం నా నడుం ఇరగ్గొట్టుకొని వస్తినా" అని బాలవ్వ కొంగు మొఖమ్మీదికి గుంజుకొని తలుపు ఎనుకకెల్లి గొణిగింది. అల్లుని ముంగట మొఖం చూపియ్యది ఆమె, ముప్పై ఏండ్లసంది గదే పద్ధతి.

రెండో వారం ఆయనకు ఏమో అయింది. రొట్టె మూడు నుంచి ఒకటికి దిగింది, ఒకటి నుంచి సగానికి దిగింది. నవ్వు పోయింది. ఇగ మందు వద్దన్నడు. ఒక పూట వద్దన్నడు, రెండు పూటలు వద్దన్నడు, మూడో దినం సీసను తన్నిండు.

ఎందుకు? గల్లీ అంతా తలా ఒక మాట. గంగయ్య ఐతే సక్కుబాయిని బాయికాడ ఆపి మరీ చెప్పిండు.

"వదినె, నాకు దెలుసు సంగతి. అన్న వాళ్ళ చిన్నబాపు లేకుండెనా, నిజాం జమానల అఫీము, గదే నల్లమందు, కొనే చిట్టీ పట్టుకొని దుకాణంల నిలబడేటోడు. ఇంట్ల గిన్నెలు, గంగాళాలు అన్నీ అమ్ముకున్నడు. అన్న గదంత చిన్నప్పుడు కండ్లార చూసిండు. నేను గూడ గట్లే ఐతనని బుగులు పట్టుకున్నది."

సక్కుబాయికి గది నిజమే అనిపిచ్చింది. పోయి మొగని పక్కపొంటి కూసోని నిమ్మలంగ చెప్పింది. డాక్టరమ్మ ఏమన్నదో గది చెప్పింది, మత్తు కోసం తాగేటోడు వేరు, నొప్పికి తాగేటోడు వేరు అన్నది, మీ చిన్నబాపు వేరు నువ్వు వేరు అన్నది. అంబదాస్ అంతా ఇన్నడు. ఇని, "చిన్నబాపు ముచ్చట ఇప్పుడెవలు ఎత్తిండ్రే?" అన్నడు. ఆయన మొఖం చూస్తేనే దెలిసింది, గది కాదు కారణం. సీస మాత్రం ముట్టలే.

అసలు సంగతి సక్కుబాయికి చెంబు చెప్పింది.

ఎట్లంటే, అంబదాస్ పొద్దుగాల్నే కట్టె పట్టుకొని, గంగయ్య భుజమ్మీద చెయ్యి వేసుకొని, చెంబు తీసుకొని మానేరు దిక్కు పోతడు. గల్లీల మొగోళ్ళంత పోయేదే. పోయినంక అరగంటకు వస్తడు. కాళ్ళ మీద నీళ్ళు పోద్దామని సక్కుబాయి బిందె తెస్తే, "చెంబుల ఉన్నయి తియ్" అని చెంబుల నీళ్ళే కాళ్ళమీద గుమ్మరించుకుంటుండు. సీసను తన్నిన తెల్లారి ఆమె కండ్లు గా నీళ్ళమీద పడ్డయి. గిన్ని నీళ్ళు ఎట్ల మిగిలినయి? రెండో దినం గూడ చూసింది. చెంబు నిండుగ పోయింది, నిండుగనే వచ్చింది. మూడో దినం చూసి, గంగయ్య పోయేదాంక ఆగి, మొగని ముంగట చెంబు పెట్టింది.

"ఎన్ని దినాలాయె?"

అంబదాస్ మొఖం ఎర్రగ కందిపోయింది. యాభై రెండేండ్ల మనిషి, సాంచాల సంఘంల నిలబడి సేటుతోని ఎదురు మాట్లాడిన మనిషి, చిన్న పిల్లగాని లెక్క నేలదిక్కు చూసిండు.

"పదమూడు."

"పదమూడా! అయ్యో నా తల్లీ! మరి చెప్పవా?"

"ఏమని చెప్పాలె? ఎవలకు చెప్పాలె?" ఆయన గొంతు సగానికి తగ్గించిండు. "కాలు నొప్పి కుక్క అసుంటిదే సక్కూ. కరుస్తది, ఇడుస్తది. గిది ఇడుస్తలేదు. కడుపుల ఎవలో బండ పెట్టి కుట్టేసినట్టుంటది. సీస తాగిన దినం నుంచే. నొప్పిని పండుకోబెడ్తే కడుపు గూడ దానితోనే పండుకున్నది. అందుకే బంద్ చేసిన. ఐదు దినాలాయె బంద్ చేసి, ఇంకా లేస్తలేదు గది."

"మొన్న మల్ల చూపిచ్చుకోను పోయినప్పుడు దవాఖానల డాక్టరమ్మ అడిగింది గద, కడుపు సాఫ్‌గ ఉంటుందా అని?"

"అడిగింది. ఎట్ల అడిగింది? వార్డు నడుమ నిలబడి అడిగింది. గా నర్సు పెన్ను పట్టుకొని రాసుకుంటందుకు తయారుగున్నది. చుట్టూత ఆడోళ్ళు. నా ఎనుక మీ అవ్వ! అత్త ముంగట నా కడుపు ముచ్చట చెప్పాల్నా? అంతా మంచిగున్నదమ్మా అన్న."

సక్కుబాయికి నవ్వాల్నో ఏడ్వాల్నో దెల్వలే. లేసి నిలబడ్డది. "నేను పోయి చెప్త."

అంబదాస్ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకొని తన నెత్తిమీద పెట్టుకున్నడు. "నా మీద ఒట్టే. గా దవాఖానల గీ సంగతి నీ నోటికెల్లి వస్తే నన్ను చూడనట్టే."

అయిపాయె. ఒక నెత్తి, రెండు ఒట్లు.

ఆమె పోయి అవ్వ పక్కకు కూసున్నది. బాలవ్వ ఎండల కాళ్ళు చాపుకొని చింతపండు గింజ తీస్తున్నది.

"అవ్వా, మీ దిక్కు కడుపు బిగిస్తే ఏం పెడ్తరే?"

"ఎవలకు?"

"ఎవలకో."

బాలవ్వ గింజ తీసుడు ఆపింది. బిడ్డ మొఖం చూసింది. అల్లుడు పండుకున్న అర్రదిక్కు చూసింది. కొంగు కిందికి గుంజుకున్నది. ముసల్ది అడవిల నలభై ఏండ్లు బట్టల మూట మోసుకుంట గోండు గూడేలు తిరిగినామె, ఎవల మొఖంల ఏముందో సదవకుంట ఉంటదా! మూట ఇప్పి మూరెడు పొడుగు నల్లటి కాయలు నాలుగు తీసి బిడ్డ ఒళ్ళె పెట్టింది. రేల కాయలు.

"గీ ఎవలకోకు గిది పెట్టు. లోపటి గుజ్జు ఉసిరికాయంత ఉడుకునీళ్ళల నానేసి, పిసికి, వడగట్టి పోయ్యి. మా దిక్కు పసిపిల్లలకు గూడ బొడ్డుచుట్టూత రాస్తరు. తెల్లారేవరకు ఎవలకో గాయన లేసి ఉరుకుతడు."

సక్కుబాయి గుజ్జు తీసింది. నానేసింది. వడగట్టింది. గిన్నె పట్టుకొని మొగని దగ్గరదాంక పోయింది. ఆయన కండ్లు మూసుకొని ఉన్నడు, నెత్తిమీద చెమట బొట్లు. నెత్తి చూడంగనే చెయ్యి ఆగిపోయింది. నాకు చెప్పకుంట నోట్లె పడొద్దు. గాలిల పురుగులు ఏరిన మనిషి యాదికొచ్చిండు. రేల గుజ్జు పసిపిల్లలకు పెట్టేదే, నిజమే, గని సీసతోని కలిస్తే ఏమైతదో ఎవలకెరుక? అవ్వకెరుకా? అవ్వ గసుంటి సీసను గిప్పుడే చూస్తున్నది. ఒకవేళ ఏమన్న అయితే? ఆయన మీదనే వేసిన ఒట్టు, ఆయననే తినేస్తే?

గిన్నె మూతపెట్టి దాచింది. లచ్చవ్వకు చెప్పాలె. చెప్పొద్దు. చెప్పకుంట చెప్పాలె.

తెల్లారి అంబదాస్ మానేరు దిక్కుకెల్లి వచ్చిండు. చెంబు నిండుగనే ఉన్నది. కాళ్ళమీద పోసుకుందామని వంచుతుంటే సక్కుబాయి గుంజుకున్నది. "ఇటియ్యి." ఒక్క బొట్టు పోనియ్యలే. చెంబుకు తువ్వాల మూతి కట్టి, రేల కాయలు సంచిల వేసుకొని, సంకల పెట్టుకొని కరీంనగర్ బస్సెక్కింది.

బస్సుల జనం మంద లెక్క. సక్కుబాయి చెంబును పసిపోరని లెక్క ఎత్తుకొని నిలబడ్డది. గుంత వచ్చినప్పుడల్లా అయ్యో అయ్యో అంటది. పక్కకు కూసున్న ముసలామె చూసి చూసి అడిగింది.

"ఏంది బిడ్డా, నెయ్యా?"

"కాదవ్వా, నీళ్ళు."

"గంగ నీళ్ళా?"

"కాదు. మానేరు నీళ్ళు."

"గిదేం మొక్కు బిడ్డా! ఏ దేవునికి?"

"దవాఖాన దేవునికవ్వా," అన్నది సక్కుబాయి. ముసలామె గా దేవుని పేరు ఎన్నడూ ఇనలే గని, ఎందుకన్న మంచిదని చెంబుకు దండం పెట్టి, జరిగి సగం సీటు ఇచ్చింది.

మిషన్ దవాఖానల లచ్చవ్వ బట్టలు ఉడకబెట్టే కాడ నిలబడి ఎవలనో కోప్పడుతుంది. సక్కుబాయి పోయి ఆమె ముంగట అరుగుమీద చెంబు పెట్టి తువ్వాల ఇప్పింది.

"ఏంది చెల్లె గిది?"

"చెంబు."

"చెంబని దెలుసు. ఏందుకు తెచ్చినవ్?"

"అక్కా, ఆయన మందు బంద్ చేసిండు. గీ చెంబు పద్నాలుగు దినాలాయె, పొద్దుగాల నిండుగ పోతది, నిండుగనే వస్తది. నేనింకేం చెప్ప. నాకు ఒట్టున్నది."

లచ్చవ్వ చెంబును చూసింది. సక్కుబాయిని చూసింది. మల్ల చెంబును చూసింది. అప్పుడు నవ్వింది సూడు, బట్టల బాయిలర్ కాడ ఉన్నోళ్ళు గూడ పరుగెత్తుకొచ్చిండ్రు. నవ్వుకుంటనే కండ్లల నీళ్ళు తుడుచుకున్నది.

"ఓ యేసయ్యా! గందుకా మందు బంద్ చేసింది? నేను మత్తుకు భయపడుతుండనుకున్న. చెల్లె, కరీంనగర్ల నల్లాలు లేవా? ఆడినుంచి ఈడిదాంక నీళ్ళు మోసుకొస్తివి?"

"ఇవి ఆయన మర్లదెచ్చిన నీళ్ళే అక్కా. సాచ్ఛం ఉండాలె గద."

లచ్చవ్వ ఆమె చెయ్యి ఒక చేతిల, చెంబు ఒక చేతిల పట్టుకొని నేరుగ డాక్టరమ్మ గదిలకు పోయింది. గది తలుపు మూసింది, వార్డుల ఎవ్వలకు ఇనవడకుంట. డాక్టర్ అనసూర్య అంతా ఇని నవ్వలే. కుర్సీల ఎనుకకు వాలి నెత్తికి చెయ్యి పెట్టుకున్నది.

"తప్పు నాదే లచ్చవ్వా. గీ మందు నొప్పినే కాదు, పేగులను గూడ నిద్రబుచ్చుతది. మొదటి దినమే దానికి మందు ఇయ్యాలె. నేను అడిగిన, ఆయన బాగున్నదన్నడు, నేను రాసుకొని ముంగటికి పోయిన. వార్డుల నిలబడి అడిగితే ఏ మొగాయన చెప్తడు?" అని సక్కుబాయి దిక్కు తిరిగింది. "వాంతులు అయితున్నయా? కడుపు బాగ ఉబ్బిందా? గాలి పోతుందా?"

వాంతులు లేవు, గాలి పోతుంది అన్నది సక్కుబాయి సిగ్గుపడుకుంట, గిది నోటికెల్లి వచ్చిందా లేదా అని లోపల లెక్క చూసుకుంట. వాంతులు లేవనంగనే డాక్టరమ్మ మొఖంల బిగువు తగ్గింది. అప్పుడు సక్కుబాయి సంచిల్నుంచి రేల కాయలు తీసి బల్లమీద పెట్టింది.

"అమ్మా, గివి మా అవ్వ జైనూర్ అడవికెల్లి తెచ్చింది. నిన్ననే గుజ్జు నానేసిన. నోటిదాంక తీస్కపోయి ఆగిన. అక్కకు ఒట్టేసి ఉంటిని, అందుకని పెట్టలే."

డాక్టరమ్మ కాయను చేతిల పట్టుకొని ఇరిసింది. లోపట బిళ్ళలు బిళ్ళలుగ నల్లటి గుజ్జు. గోటితోని జర తీసి నాలికమీద పెట్టుకున్నది, మూతి వంకర తిప్పింది, తల ఊపింది.

"పెట్టకుంట ఆగి మంచి పని చేసినవ్. తెచ్చి చూపిచ్చి ఇంకా మంచి పని చేసినవ్. గిది మా పాత మందుల పుస్తకాలల్ల గూడ ఉన్నదమ్మా. సీసతోని దీనికి కొట్లాట లేదు. సీస నొప్పిని చూసుకుంటది, గిది కడుపును చూసుకుంటది, ఎవల పని వాళ్ళది. ఇంకా ఏం పెడ్తున్నరు ఇంట్ల? దాచకుంట చెప్పు, నేను కోప్పడ."

"ఏం పెడ్తలేం. వావిలాకు ఉడకబెట్టి కాపడం పెడ్తనంటది అవ్వ. వద్దన్న."

"పెట్టుమను. పైకెల్లి కాపడమేగా, మస్తు హాయిగుంటది ఆయనకు. చర్మం కాలకుంట చూసుకో. కాపడంతోని నొప్పి ఇంకింత తగ్గిందనుకో, మనం మెట్టు మీద మెట్టు పెంచే అవసరం పడది. నోట్లె పోసేది మాత్రం నన్నడగాలె. ఉమ్మెత్త ఇంటి గడప తొక్కొద్దు."

ఇగ లచ్చవ్వ అందుకున్నది. "ఆయనకు నా మాటగ చెప్పు. రేల గుజ్జు రెండు దినాలు చూస్తం. రెండు దినాలల్ల చెంబు కాలీ కాకపోతే, నేనే బస్సెక్కి వస్త. ఎనిమా డబ్బా పట్టుకొని వస్త. మీ గల్లీ నడుమకెల్లి నడుసుకుంట వస్త."

"చెప్త అక్కా," అన్నది సక్కుబాయి. గా మాటతోని సగం పని అయినట్టే అనిపిచ్చింది ఆమెకు.

పొద్దుగూకంగ ఇల్లు చేరింది. అంబదాస్ తుంటిని పట్టుకొని మంచమ్మీద వంకరగ ఉన్నడు. పెండ్లాన్ని చూసి కండ్లు పెద్దగ చేసిండు.

"ఒట్టు తప్పినవ్! చెప్పినవ్ నువ్వు!"

"నేను నోరే ఇప్పలే. చెంబును అరుగుమీద పెట్టిన. గది చెప్పుకున్నది."

"చెంబు!"

"మల్ల నర్సమ్మ నీకో మాట చెప్పుమన్నది." చెప్పింది. ఎనిమా అంటే ఏందో, గా డబ్బా ఎట్లుంటదో, గొట్టం ఎంత పొడుగుంటదో చేతులతోని చూపిచ్చి మరీ చెప్పింది. తలుపు ఎనుక బాలవ్వ దగ్గు అందుకున్నది, నవ్వో దగ్గో దేవునికెరుక.

అంబదాస్ తుంటి పట్టుకొని లేసి కూసున్నడు. అటెన్క చెయ్యి చాపి, "గిన్నె ఏది?" అన్నడు.

తాగిండు. చీదరించుకున్నడు, మూతి తుడుచుకున్నడు, మీ జైనూరోళ్ళకు నాలిక లేదా అని అడిగిండు. బాలవ్వ వావిలాకు ఉడకబెట్టి, గుడ్డల మూటగట్టి బిడ్డ చేతికిచ్చింది. సక్కుబాయి తుంటికి కాపడం పెట్టుకుంట కూసున్నది. అప్పుడు సీస బిరడా తీసి, కాయితం మెట్టు చూసుకుంట ఒక్క మోతాదు పోసింది. చెయ్యి చాపి ఆగింది. తన్నుతడా?

అంబదాస్ గా కప్పును చూసిండు. "గిది మల్ల కడుపును పండుకోబెడ్తది."

"పండుకోబెడ్తే రేల లేపుతది. రోజూ పోస్త. డాక్టరమ్మ రాసిచ్చింది."

తాగిండు.

తెల్లారింది. అంబదాస్ గంగయ్య కోసం ఆగలే. కట్టె పట్టుకొని, కుంటుకుంట, "జరగుండ్రి, జరగుండ్రి" అనుకుంట ఒక్కడే గల్లీ దాటిండు. గంగయ్య పండ్లపుల్ల నోట్లె పెట్టుకొని ఎనుకకెల్లి ఉరికిండు, "అన్నా ఆగు, పడ్తవ్" అనుకుంట. సక్కుబాయి దర్వాజ కాడ నిలబడ్డది. కూసోలేకపాయె. కండెలు చుట్టబోతే పోగు తెగింది, ముడి వేస్తే మల్ల తెగింది. బాలవ్వ, "గట్ల నిలబడితే జల్ది అయితదా ఏంది, కూసో" అన్నది గని తను గూడ నిలబడే ఉన్నది.

గంట దాటింది. దూరంకెల్లి గంగయ్య గొంతు ముందు వచ్చింది. "వదినే! ఓ వదినే!" సక్కుబాయి దర్వాజ దాటింది. ఏమయిందో, పడ్డడో, సొమ్మసిల్లిండో! ఉరికి పోయి చూస్తే, గంగయ్య భుజమ్మీద చెయ్యి వేసుకొని అంబదాస్ వస్తుండు. మొఖమంత చెమట. ఒళ్ళంత అలిసింది. గని గా మొఖం! జ్వరం దిగినోని మొఖం లెక్క, కోర్టుల కేసు కొట్టేసినోని మొఖం లెక్క తేటగున్నది.

"ఏమయింది?" అన్నది సక్కుబాయి, ఏమయిందో దెలిసే.

గంగయ్య నోరు తెరిసిండు. అంబదాస్ అతని డొక్కల మోచెయ్యితోని పొడిసిండు. "నువ్వు సప్పుడు చెయ్యకు. ఏమే, రొట్టెలు ఉన్నయా?"

ఉన్నయి. నాలుగు తిన్నడు, ఎల్లిపాయ కారంతోని. తిని పగటీలి మందు తనే అడిగి తాగిండు. అరుగుమీద గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకున్నడు. నొప్పి పోలే పూర్తిగ, లోపల ఎక్కడనో ఉన్నది, గని మూలకు కూసున్న సుట్టం లెక్క ఉన్నది, ఇల్లు దానిది కాదు. బాలవ్వ వాకిట్ల రేల గింజలు ఏరుతుంది, మిగిలిన గుజ్జు సీసల పెడ్తనని. మల్ల వారం గిట్లనే, పై వారం గిట్లనే. ఎన్ని వారాలో ఎవ్వలకు దెల్వదు, గని ప్రతి వారం గిట్ల గడిస్తే సాలు.

పొద్దు తిరిగింది. గంగయ్య మల్ల వచ్చిండు, గడప దాటక ముందే మొదలుపెట్టిండు.

"అన్నా, గల్లీల అందరు అడుగుతుండ్రు, గా రేల కాయలు మిగిలినయా అని, మా మామకు గూడ..."

అంబదాస్ ఏలు మూతిమీద పెట్టి, ఇంట్లకు చూపిచ్చిండు. సక్కుబాయి రాట్నం పక్కకు, ఉత్త నేలమీద, చేతిల సగం చుట్టిన కండె ఇడువకుంట, నోరు తెరుసుకొని పండుకున్నది. పట్టపగలు, నలుగురు వచ్చిపోయే ఇంట్ల. పద్నాలుగు దినాల నిద్ర ఒక్కపారి మీదపడ్డది ఆమెకు.

"జర మెల్లగ మాట్లాడరా," అన్నడు అంబదాస్. "గామెను పండుకోనియ్యి. నాకు ఆకలైతుంది గని, లేసినంకనే తింట."